స్క్రోల్ సా కొంటున్నారా? కాస్త ఆగి ఇది చదవండి

రెండో పంటకు నీళ్లు లేని ఊళ్లలో సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి ఏరువాక దాకా చిన్న రైతుకు చేతినిండా పని ఉండదు. పాడి ఉంటే ఆ పని పొద్దెక్కేసరికే అయిపోతుంది. కూలికి వెళ్లేవాళ్లు వెళతారు, మిగిలినవాళ్లు రచ్చబండ చేరతారు. అయితే ప్రతి ఊళ్లోనూ ఇద్దరో ముగ్గురో మరో రకం మనుషులుంటారు. మంచం కోడు ఊగినా, గొడ్డలి కామ విరిగినా వడ్రంగి కోసం ఎదురుచూడరు. దొరికిన చెక్క, ఉన్న ఉలి పట్టుకుని కూర్చుంటారు. అది వాళ్ల కులవృత్తీ కాదు, ఎవరూ కూర్చోబెట్టి నేర్పిందీ కాదు. చెయ్యి ఊరుకోదు, అంతే.

ఇలాంటివాళ్ల కళ్లు ఈమధ్య స్క్రోల్ సా అనే చిన్న యంత్రం మీద పడుతున్నాయి. దేవుడి మందిరానికి జాలీ, గుమ్మానికి పేరు పలక, పెళ్లి వేదికకు నెమళ్లు, హంసలు ఇలా ఏ వంపు కావాలంటే ఆ వంపు కోసే రంపం ఇది. ఫోన్లో చూస్తే పని చాలా తేలిగ్గా కనిపిస్తుంది. దాని వెంటే ‘ఇంటిదగ్గర కూర్చుని సంపాదించండి’ అనే ప్రకటనా వస్తుంది. యంత్రం మంచిదే. తేలిక అనేది మాత్రం నిజం కాదు. అప్పు తెచ్చి కొనదగ్గ వస్తువు అంతకన్నా కాదు. ఆ లెక్క తర్వాత చూద్దాం.

ఇది ఏం చేస్తుంది, ఏం చెయ్యదు

కుట్టుమిషన్ ఊహించుకోండి. సూది ఉన్నచోట సన్నని రంపపు బ్లేడు ఉంటుంది. కింద, పైన రెండు కొసలూ బిగించిన ఆ బ్లేడు పైకీ కిందికీ ఆడుతుంటే, బల్ల మీద పెట్టిన చెక్కను మనం రెండు చేతులతో గీత వెంట తిప్పుతూ నడపాలి. రంపం కదలదు, చెక్కే కదులుతుంది. బ్లేడు సన్నం కాబట్టి వేలిగోరంత వంపు కూడా తిరుగుతుంది. మధ్యలో చిన్న బెజ్జం వేసి, బ్లేడును విప్పి అందులోంచి దూర్చి మళ్లీ బిగిస్తే, అంచు తెగకుండా లోపలి భాగాన్ని మాత్రమే కోసి తీసెయ్యొచ్చు. జాలీ పని అంతా దీంట్లోనే ఉంది. బ్యాండ్ సా బ్లేడు అతుకు వేసిన చుట్టు కాబట్టి ఆ యంత్రంతో ఈ పని కాదు.

పట్టణంలో పనిముట్ల కొట్టుకు వెళ్లి అడిగితే చాలాచోట్ల చేతిలో పెట్టేది జిగ్ సా. పేర్లు దగ్గరగా ఉంటాయి గానీ రెండూ వేరు. జిగ్ సా చేత్తో పట్టుకుని చెక్క మీద నడిపేది. దాని బ్లేడు ఒక కొసనే బిగిస్తారు, మందంగా ఉంటుంది. తలుపుకు కన్నం కోయడానికి, ప్లైవుడ్ షీటు చీల్చడానికి పనికొస్తుంది. వినాయకుడి తొండం కోయమంటే కోయలేదు.

అలాగే స్క్రోల్ సాతో దూలాలు కోయలేం, పలకలు చీల్చలేం. మామూలు యంత్రాలు గట్టిగా రెండంగుళాల మందం వరకే కోస్తాయి. ఆ మందానికీ టేకు లాంటి చెక్కయితే ఓపిక కావాలి. అర అంగుళం, ముప్పావు అంగుళం పలకల మీదే దీని పనితనం తెలుస్తుంది.

ముందు చేతి రంపం

యంత్రం కొనాలనుకునేవాళ్లకు నా సలహా ఒకటే. ఒక వేసవంతా చేతి ఫ్రెట్ సా మీద పని చెయ్యండి. ఇంగ్లీషు యు అక్షరం ఆకారంలో ఇనప చట్రం, దానికి సన్న బ్లేడు, కింద పిడి. కొన్ని వందల్లో వస్తుంది. ఒక పలక ముక్కకు ముందువైపు వి ఆకారంలో గాడి కోసి, బల్ల అంచున బయటికి వచ్చేలా మేకులతో బిగించుకోండి. కోసే చెక్కను ఆ గాడి మీద పెట్టి ఎడమ చేత్తో అదిమి, కుడి చేత్తో రంపాన్ని నిలువుగా కిందికి లాగాలి. పళ్లు కిందికి చూసేలా బ్లేడు బిగించాలి, ఇది మరిచిపోవద్దు.

ఈ పనిముట్టుతో నాలుగు నెలల్లో మూడు సంగతులు తేలతాయి. గీత వెంట కంటిచూపు నిలుస్తుందా లేదా. గంటసేపు ఒకేచోట కూర్చోవడానికి నడుము ఒప్పుతుందా లేదా. చేసిన వస్తువును బంధువులు కాక బయటివాళ్లు ఎవరైనా డబ్బిచ్చి అడుగుతారా లేదా. మూడింటికీ అవునని జవాబొస్తే అప్పుడు యంత్రం సంగతి చూడొచ్చు. రాకపోతే పోయింది కొన్ని వందలే. పైగా ఆ చేతి రంపం యంత్రం వచ్చాక కూడా పనికొస్తుంది. యంత్రం చెయ్యి అందనంత పెద్ద పలక వచ్చినప్పుడు అదే దిక్కు.

కరెంటు లేని రోజుల్లో పాశ్చాత్య దేశాల్లోనూ ఇదే తీరు. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో, ఇంగ్లండులో కాలితో తొక్కే ఫ్రెట్ సాలు కుట్టుమిషన్లలాగే ఇళ్లలోకి వెళ్లాయి. అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రం రాక్‌ఫర్డ్‌లోని బార్న్స్ కంపెనీ ఇలాంటి తొక్కుడు యంత్రాలు చేసి అమ్మింది. పాత కుట్టుమిషన్ పాదం మీద ఇలాంటిది కట్టుకోవచ్చా అంటే, చెయ్యి తిరిగిన వెల్డింగ్ మేస్త్రీ పక్కనుంటే ప్రయత్నించవచ్చు.

యంత్రం దగ్గర చూడాల్సినవి

మొట్టమొదట చూడాల్సింది బ్లేడు బిగించే తీరు. ధర ఆ తర్వాత. బ్లేళ్లు రెండు రకాలు. రెండు కొసల్లోనూ అడ్డంగా చిన్న పిన్ను ఉండేది ఒకటి, ఏ పిన్నూ లేని సాదాది మరొకటి. రెండూ సుమారు 5 అంగుళాల పొడవే. పిన్ను బ్లేడు బిగించడం సులువు. కానీ ఆ పిన్ను దూరాలంటే చెక్కలో దాదాపు 5 మిల్లీమీటర్ల బెజ్జం కావాలి. సన్న జాలీలో అంత బెజ్జం వేస్తే డిజైనే పోతుంది. సాదా బ్లేడుకు ఒకటి రెండు మిల్లీమీటర్ల బెజ్జం చాలు. అందుకని సాదా బ్లేడు పట్టే యంత్రమే తీసుకోండి. రెండూ పట్టేదైతే మరీ మంచిది. పిన్ను బ్లేడు మాత్రమే పట్టేది ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

రెండోది వణుకు. కొట్టులోనే కరెంటు పెట్టించి నడిపించండి. బల్ల మీద ఒక రూపాయి బిళ్లను అంచు మీద నిలబెట్టి చూస్తే ఎంత వణుకుతోందో తెలిసిపోతుంది. పోత ఇనుముతో బరువుగా ఉన్నది తక్కువ వణుకుతుంది. రేకుతో చేసిన తేలిక యంత్రం మోసుకు రావడానికి బాగుంటుంది, కోయడానికి బాగుండదు. ఇంటికి తెచ్చాక బరువైన బల్లకు బోల్టులతో బిగించి, మధ్యలో పాత ట్రాక్టరు ట్యూబు ముక్క వేస్తే చప్పుడూ వణుకూ సగం తగ్గుతాయి.

మూడోది వేగం. నిమిషానికి 400 నుంచి 1600 సార్ల దాకా తిప్పుకునే మరలు సాధారణంగా దొరుకుతాయి. ఒకే వేగంతో తిరిగేవీ ఉన్నాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు, కొబ్బరి చిప్ప లాంటి గట్టి సరుకు కోసేవాళ్లకు వేగం తగ్గించుకునే వీలు ఉండి తీరాలి.

ఇక గొంతు లోతు. బ్లేడు నుంచి వెనక చట్రం దాకా ఉన్న దూరమే ఇది. 16 అంగుళాలు అని రాసి ఉంటే ఆ దూరం అంత అన్నమాట. పేరు పలకలకు, మందిరం జాలీలకు అది సరిపోతుంది. 20 అంగుళాల వాటికి ధర బాగా పెరుగుతుంది, అవసరం అరుదు.

బల్లకూ బ్లేడుకూ మధ్య కోణం సరిగ్గా ఉందో లేదో తెలుసుకునే ఉపాయం ఒకటుంది. మందపాటి చెక్క ముక్కలోకి కొంచెం కోసి ఆపండి. ముక్కను వెనక్కి తిప్పి, బ్లేడు వెనకవైపు నుంచి అదే కోతలోకి బ్లేడు దూరుతుందేమో చూడండి. నేరుగా దూరితే లంబంగా ఉన్నట్టు. పట్టేస్తే బల్ల వాలి ఉన్నట్టు. బల్ల సవరించాక కూడా తేడా పోకపోతే ఆ యంత్రం తేవద్దు.

దుమ్ము ఊదే సన్న గొట్టం చాలా యంత్రాల్లో మొదట పాడయ్యేది. దానికి కంగారు పడక్కర్లేదు. చేపల తొట్టికి వాడే చిన్న గాలి పంపు తగిలిస్తే అదే పని చేస్తుంది.

బ్లేళ్లకు నంబర్లుంటాయి. నంబరు పెరిగేకొద్దీ బ్లేడు మందం. ముప్పావు అంగుళం చెక్కకు 5 నంబరుతో మొదలుపెట్టండి. పలచని ప్లైవుడ్‌కు 1 గానీ 3 గానీ చాలు. చెక్క మందంలో కనీసం మూడు పళ్లయినా ఉండాలన్నది గుర్తు. బ్లేళ్లు తెగుతాయి. మీరు ఎంత జాగ్రత్తగా ఉన్నా తెగుతాయి. కాబట్టి యంత్రం కొన్న కొట్టులోనే ఆ కొలత బ్లేళ్లు ఎప్పుడూ దొరుకుతాయా అని అడగాలి. దొరకవంటే యంత్రం మూలన పడేది ఖాయం. మోటారు స్విచ్చి, బ్లేడు పట్టే బిగింపులు విడిగా అమ్ముతారో లేదో కూడా అక్కడే తేల్చుకోండి.

బ్లేడు బిగించాక వేలితో మీటితే తంబూరా తీగలా మోగాలి. వదులుగా ఉంటే గీత దాటిపోతుంది, చెక్క అడుగున వాలుగా తెగుతుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, కొత్త బ్లేడు నేరుగా పోదు. తయారీలో ఒక పక్క పళ్లకు గరుకు మిగిలిపోవడం వల్ల ఆ పక్కకు లాగుతుంది. చెక్కను కొద్దిగా ఏటవాలుగా పట్టుకుని నడిపితే గీత మీదికొస్తుంది. నాలుగు రోజుల్లో చెయ్యే దిద్దుకుంటుంది. డిజైను కాగితం అంటించి దాని మీద పారదర్శకమైన ప్యాకింగ్ టేపు వేస్తే చెక్క మాడకుండా తెగుతుంది. పలచని ప్లైవుడ్ ముక్కలు మూడు ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించి ఒకేసారి కోస్తే, ఒక పూట పనిలో మూడు వస్తువులు వస్తాయి.

కరెంటు, కళ్లు, ఊపిరి

చిన్న యంత్రాల మోటారు 100 వాట్ల అటూ ఇటూ ఉంటుంది. 100 వాట్ల మోటారు పది గంటలు తిరిగితే ఒక యూనిట్. ఇంటి సింగిల్ ఫేజ్ కరెంటు చాలు. పొలంలోని మోటారు లైను నుంచి మాత్రం తీగ లాగకండి. వ్యవసాయ కనెక్షన్ మీద వేరే పని చేస్తే కేసు మీ మీదికే వస్తుంది. విదేశాల నుంచి వచ్చిన పాత యంత్రం చవకగా ఇస్తామంటే వెనకున్న పలక చదవండి. 110 వోల్టులని ఉంటే మన 230 వోల్టులకు నేరుగా పెట్టిన క్షణమే కాలిపోతుంది.

గడ్డి కోసే చాఫ్ కట్టర్‌తోనో, గుండ్రటి రంపంతోనో పోలిస్తే ఇది తక్కువ ప్రమాదకరమైనదే. అలాగని అలుసు చేస్తే వేలు తెగుతుంది. మెడలో తువ్వాలు, వదులు చొక్కా చేతులు, మణికట్టుకు దారాలు ఉండకూడదు. బ్లేడు తెగితే చెయ్యి తీసేసి ముందు స్విచ్చి కట్టాలి. మొక్కజొన్న గింజలు ఒలిచేటప్పుడు కళ్లకు అద్దాలు పెట్టుకోనివాళ్లం, ఇక్కడైనా పెట్టుకుందాం. పొట్టు కన్నా భయపడాల్సింది కంటికి కనపడని సన్న ధూళికి. చెక్క ధూళిని క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చేర్చింది. మూసిన గదిలో కాకుండా వసారాలో గాలివాటుగా కూర్చుని, మాస్కు కట్టుకుని పని చెయ్యాలి.

చెక్క మన దగ్గరే ఉంది, కానీ...

గట్టు మీద చెట్టు మనదే కదా అని నరకబోయే ముందు ఒక మాట. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, అదే వాల్టా, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. చెట్టు నరకడానికి ముందు అనుమతి తీసుకోవాలి. కొన్ని జాతులకు మినహాయింపులున్నాయి. ఏ చెట్టుకు ఏమిటన్నది అటవీ శాఖ రేంజి కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. ఎర్రచందనం ముక్క ఎవరు తెచ్చి ఇచ్చినా ముట్టుకోవద్దు.

నిజానికి ఈ పనికి చెట్టు నరకాల్సిన అవసరమే రాదు. వడ్రంగి దుకాణంలో పొయ్యిలోకి పోయే టేకు ముక్కలు, పళ్లు వచ్చిన పెట్టెల పలకలు, పాత తలుపుల చెక్క చాలు. పాత చెక్కలో మేకులు మిగిలాయేమో వెతికి తీయండి, ఒక్క మేకు తగిలితే బ్లేడు పోతుంది. మామిడి కోతకు మెత్తన, అయితే పురుగు పడుతుంది. టేకు అందం ఎక్కువ, బ్లేడును త్వరగా మొద్దు చేస్తుంది. వేప చెక్క ముడి తిరిగి ఉంటుంది, కొత్తవాళ్లకు విసుగు పుట్టిస్తుంది. ఏదైనా పచ్చిది పనికిరాదు. పలకల మధ్య సన్న బద్దలు అడ్డం పెట్టి, నీడలో పేర్చి, బాగా ఆరనివ్వాలి. పచ్చి చెక్కతో చేసిన జాలీ ఎండాకాలం రాగానే చీలుతుంది. చీలాక కొన్నవాడు మళ్లీ మీ గుమ్మం తొక్కడు.

అప్పు లెక్క

మంచి యంత్రమంటే అయిదంకెల డబ్బు. ఊళ్లో 2 రూపాయల వడ్డీకి 15 వేలు తెచ్చారనుకుందాం. నెలకు 300, ఏడాదికి 3,600 వడ్డీకే పోతుంది. మీరు ఈ పని చేసేది ఏడాదిలో నాలుగు నెలలు. వడ్డీ పన్నెండు నెలలూ నడుస్తుంది. సొంత డబ్బు మిగిలినప్పుడు కొనండి, లేదా కింద చెప్పినట్టు నలుగురు కలిసి కొనండి.

ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబరు 17న మొదలైంది. 18 వృత్తుల్లో వడ్రంగం, బొమ్మల తయారీ ఉన్నాయి. శిక్షణ, పనిముట్లకు 15 వేల రూపాయల వరకు సాయం, 5 శాతం వడ్డీకి రుణం అందులోని అంశాలు. ఇది కుటుంబ వృత్తిగా చేతిపని మీద బతికేవాళ్ల కోసం పెట్టింది. సేద్యం చేస్తూ ఖాళీలో చెక్క కోసేవాళ్లు దాన్ని నమ్ముకుని ముందే యంత్రం తెచ్చుకోవద్దు. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారా, మీకు అర్హత ఉందా అన్నది కామన్ సర్వీస్ సెంటరులో అడగండి.

పిల్లల బొమ్మలు చేసి అమ్ముదామనుకునేవాళ్లకు ఇంకో హెచ్చరిక. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన చేతివృత్తులవాళ్లకు, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలు చేసే అధీకృత కళాకారులకు మినహాయింపు ఇచ్చారు. ఆ నమోదు లేకుండా పిల్లల బొమ్మలు అమ్మకానికి పెట్టడం చిక్కు. మీ ఇంట్లో పిల్లలకు చేసుకోండి, ఎవరూ అడగరు. అమ్మకానికైతే పేరు పలకలు, జాలీలు, తాళాల గుత్తులు తగిలించే పలకలు, గోడ అలంకారాలతో మొదలుపెట్టడం క్షేమం.

నలుగురు కలిస్తే

ఈ పని ఒంటరిగా నేర్చుకుంటే ఆరు నెలల్లో మానేస్తారు. బ్లేడు ఎందుకు తెగుతోందో చెప్పేవాళ్లుండరు, బాగుందనేవాళ్లూ ఉండరు. తోడు వెతుక్కోవాలంటే మొదట ఊరి వడ్రంగి దగ్గరికే వెళ్లాలి. పోటీకొచ్చారని ఆయన అనుకోకుండా చూసుకోవడం మీ చేతిలో ఉంది. ‘మేస్త్రీ, తలుపులూ కిటికీలూ నావల్ల కావు, మీరు చేసే మందిరానికి జాలీ నేను కోసిస్తా’ అంటే ఆయనకూ పని తగ్గుతుంది, మీకూ పని దొరుకుతుంది. మీ మొదటి బేరం ఆయన నుంచే రావచ్చు. చెక్క నార ఎటు నడుస్తోందో చూసి చెప్పే కన్ను ఆయనది. దాన్ని పుస్తకంలో చదివి తెచ్చుకోలేం.

చాలా ఊళ్లలో వడ్రంగులు అమావాస్య నాడు పని ముట్టరు. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ల నుంచి చెక్క పని ఇష్టమున్నవాళ్లు కలవడానికి ఆ రోజు అనువైనది. పంచాయతీ అరుగు చాలు. ఎవరు చేసింది వాళ్లు తెచ్చి మధ్యలో పెట్టాలి. విరిగిపోయింది, పాడైంది కూడా తేవాలి. బాగా వచ్చిన జాలీని చూస్తే మెచ్చుకోవడమే ఉంటుంది, చీలిన జాలీని పట్టుకుని కూర్చుంటే నేర్చుకోవడం మొదలవుతుంది. ఏడాదికోసారి కొండపల్లికో, ఏటికొప్పాకకో, నిర్మల్‌కో కలిసి వెళ్లి రండి. కొండపల్లిలో తెల్ల పొణికి చెక్కతో భాగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఏటికొప్పాకలో అంకుడు చెక్కను తరిణె పట్టి, తిరుగుతుండగానే లక్క రంగు ఎక్కిస్తారు. ఈ రెండు చోట్లా అసలు పని స్క్రోల్ సా మీద నడవదు. అయినా చెక్కను ఎలా ఎంచుకుంటారు, ఎంత ఆరబెడతారు, నునుపు ఎలా తెస్తారన్నది కళ్లారా చూసిన తర్వాత మన ఉప్పు కాగితం పట్టుకునే తీరే మారిపోతుంది.

కలిసి కొనే విషయానికొస్తే, అయిదుగురికి ఒక యంత్రం సరిపోతుంది. రోజంతా ఎవరూ కోయరు. కోతకన్నా గీత గీయడం, బెజ్జాలు వేయడం, నునుపు చేయడం ఎక్కువసేపు పడతాయి. యంత్రం ఒకరింట్లోనే స్థిరంగా ఉండాలి, ఊళ్లు తిప్పితే బల్ల కోణం పోతుంది. ఆ ఇంటివాళ్లకు కరెంటు ఖర్చు అందరూ ఇవ్వాలి. వంతులు, తెగిన బ్లేళ్లు రాయడానికి ఒక నోటు పుస్తకం మేకుకు వేలాడదీయండి. బ్లేళ్లు డజను చొప్పున అమ్ముతారు కాబట్టి అందరిదీ కలిపి ఒకేసారి తెప్పిస్తే మేలు. ఎవరి బ్లేడు వాళ్లే తెచ్చుకోవాలని పెట్టుకుంటే బావా బామ్మర్దుల మధ్య కూడా మాట రాదు. ఒకరు మధ్యలో తప్పుకుంటే వాటా ఎలా తిరిగివ్వాలో మొదటి రోజే ఆ పుస్తకం మొదటి పేజీలో రాసి అయిదుగురూ సంతకాలు పెట్టుకోండి.

తొలకరి పడగానే అందరూ పొలం బాట పడతారు, యంత్రం నాలుగైదు నెలలు కదలదు. ఆఖరి రోజున బ్లేడు విప్పి బిగువు వదిలెయ్యాలి. బల్ల మీద, బిగింపుల మీద పొట్టు దులిపి పలచగా మెషిన్ ఆయిల్ రాయాలి. మిగిలిన బ్లేళ్లను కాగితంలో చుట్టి మూత బిగుతుగా ఉండే డబ్బాలో పెట్టాలి. వానాకాలంలో తుప్పు పట్టిన సన్న బ్లేడు సంక్రాంతికి బిగించిన మొదటి నిమిషంలోనే తెగుతుంది.